ఒక టీ కెటిలు కోసం సోమందేపల్లె దాకా

మా ఇంట్లో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో వెండి పూత పూసిన పాత సామాను తప్ప ఇంకేమీ ఉండదు. ఎనభైల మొదట్లో, అనంతపురంలో టీచరుగా పనిచేసే రోజుల్లో, బెంగుళూరు పాత సామాన్ల అంగట్లో ఒక ట్రే, చక్కెర గిన్నె, పాల చెంబు కొన్నాను. మూడింటి మీదా ఒకటే ద్రాక్షతీగ నగిషీ. జతలో ఉండాల్సిన టీ కెటిలు మాత్రం లేదు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుందని మా ఆయన నవ్వేవాడు గానీ, ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది. అటువంటప్పుడు మా బడి ఆయా ఒక కబురు చెప్పింది. సోమందేపల్లె దగ్గర వాళ్ళ పల్లెలో సారమ్మ అనే ఆమె ఇంట్లో అదే తీగ ఉన్న కెటిలు ఉందట. సారమ్మ తండ్రి పెనుకొండలో ఒక దొరకు వంట చేసేవాడట, దొర వెళ్ళిపోతూ ఇచ్చాడట. ఆ సాయంత్రమే సారమ్మకు కార్డు రాసి పోస్టు డబ్బాలో వేశాను. "రెండో శనివారం మీ కెటిలు చూడడానికి వస్తాను. బాగుంటే కొంటాను."

ఆ శనివారం పొద్దున ఆరింటికి హిందూపురం బస్సెక్కాను. టికెట్టు ఎనిమిది రూపాయల చిల్లర. పెనుకొండలో బస్సు పావుగంట ఆగుతుంది, ఉగ్గాని, బజ్జీ తినడానికి ఆ సమయం చాలు. వరసగా వానలు లేని ఏళ్ళవి. రోడ్డు పక్కన పశువులను గుంపులుగా తోలుకుపోతుంటే, ఎక్కడికని కండక్టరును అడిగాను.

"సంతకమ్మా. గడ్డి యాడుండాది? కళ్ళెదురుగా సచ్చేదాని కంటే అమ్ముకునేదే మేలు" అన్నాడు.

అయ్యో అనుకున్నాను. అనుకుంటూనే బేరం లెక్క వేసుకున్నాను. కరువులో ధర తగ్గుతుంది కదా! ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, ఆ కాకిని నేనే. రెండు వందల దాకా పోవచ్చు, అరవైతో మొదలుపెట్టాలి. ఏ ఇంటికి వెళ్ళినా నా మొదటి మాట ఒకటే: "పూత పోయిందమ్మా, దీనికేం వస్తుంది?"

తొమ్మిదింపావుకు సోమందేపల్లెలో దిగి, రెండు మైళ్ళు నడిచాను. సారమ్మకు అరవై ఏళ్ళుంటాయి. వాకిట్లో ఎముకలు తేలిన రెండు ఎద్దులు, వాటి పక్కన ఆమె కొడుకు దావీదు. ఆ ఎద్దులతో కూలికి దున్నితేనే వాళ్ళకు కూడు.

"పోయిన వారమే సంతకు తోలాల్సింది టీచరమ్మా" అన్నాడు దావీదు. "నీ కార్డు వచ్చిందని ఆపినాం. కెటిలు దుడ్లతో ఒక బండి గడ్డి తెచ్చుకుంటే, వాన పడేదాకా బతుకుతాయి."

సారమ్మ లోపలి నుంచి తెల్లగుడ్డలో చుట్టిన కెటిలు తెచ్చి, నా ఒళ్ళో పెట్టి విప్పింది. తళతళా మెరిసిపోతోంది. దగ్గరగా పట్టి చూశాను. అది వెండి మెరుపు కాదు. తీగ ఆకులు సగం పూడుకుపోయాయి. పిడిని ఇనుపతీగతో కట్టారు.

"అక్కడక్కడ ఇత్తడి తేలినాదమ్మా. బాగుంటే కొంటానని రాసినావు కదా, అట్లే సూపిస్తామా? కళాయి సాయిబును పిలిపిచ్చి లోపలా బయటా కళాయి ఏయించినాం. కొలిమి మింద పెడితే పిడి ఊడొచ్చె. అయినా గట్టిగా కట్టినాడులే" అంది సంబరంగా.

ఇత్తడి గిన్నె పాతబడితే ఇక్కడ అందరూ చేసేది అదే. కొలిమి వేడికి, కళాయి తగరానికి వెండి పూత పోతుందని వాళ్ళకెట్లా తెలుస్తుంది? నా మొదటి మాట ఆ రోజు నిజంగా నిజమైంది. నోట్లోంచి రాలేదు. రెండు వందలు తీసి చేతిలో పెట్టబోయాను.

సారమ్మ నా మొహమే చూస్తోంది. "చెడగొట్టినామా అమ్మా?"

అబద్ధం ఆడలేకపోయాను. వెండి పోయిందని, తప్పు నాదేనని చెప్పాను. దావీదు తల తిప్పి ఎద్దుల వైపు చూశాడు. సారమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "పాడైనదానికి దుడ్లొద్దు. మా నాయన ఉంటే ఒప్పుకోడు."

"బీరువాలో పెట్టడానికి పాడైంది గానీ, టీకి పాడు కాలేదు కదా" అన్నాను.

ఆమె లేచి పొయ్యి రాజేసింది. బెల్లం టీ కాచి ఆ కెటిల్లో పోసి, దాన్నుంచి ముగ్గురికీ వంచింది. ఒక చుక్క కారలేదు. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా చూసి, అప్పుడు డబ్బు తీసుకుంది.

కెటిలు సంచిలో పెట్టుకుని నాలుగింటి బస్సుకు తిరుగుముఖం పట్టాను. ఇన్నేళ్ళలో ఎన్నో వస్తువులు కొన్నాను, బేరంలో గెలిచి గొప్పలు పోయాను. ఎవరి ఇంట్లో ఏ అవసరం వాటిని బయటికి తీయించిందో ఆ రోజు దాకా అడగలేదు, ఇప్పటికీ అది తలచుకుంటే సిగ్గేస్తుంది. వాన పడ్డాక దావీదు కార్డు వచ్చింది: "ఎద్దులు బాగుండాయి. దున్నుతాండాము. కెటిలు కారుతాందేమో రాయమంది మాయమ్మ." బీరువాలో ఆ చోటు ఇంకా ఖాళీయే. కెటిలు వంటింట్లో ఉంది, ఈ పొద్దు కూడా అందులోనే టీ పోసుకున్నాను, కారలేదు.

పాత వెండి పూత సామాను కోసం పల్లెలకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ముందుగా కబురు పంపితే, "ఉన్నది ఉన్నట్టే ఉంచండి, తోమకండి, కళాయి వేయించకండి" అని తప్పకుండా చెప్పండి. నా కార్డులో దానికి చోటుంది. నేను రాయలేదు.