సీరియల్ ఫైలు మీద పేరు

తొంభైల్లో దమ్మపేట దారిలో ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ చూసుకునే ఉద్యోగం చేశాను. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, దాని పేరుతో పనీ లేదు. ఆఫీసులో యూనిక్స్ అనే సిస్టంతో నడిచే యంత్రం ఒకటే, దానికి వైర్లతో తగిలించిన నాలుగు టెర్మినళ్లు, అంటే ఒక తెర, ఒక కీబోర్డు. ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు గదిలో, ఒకటి యార్డు సూపర్‌వైజరు దగ్గర, ఒకటి గేటు పక్కన కాటా గదిలో. యూనిక్స్‌లో నాకు వచ్చింది పావు వంతు. ఆ పావు కూడా రానివాళ్ల మధ్య కూర్చున్నాను కాబట్టి అందరూ నన్ను సార్ అనేవాళ్లు.

జామాయిల్ కర్ర ట్రాక్టర్ల మీద, లారీల మీద వచ్చేది. బండి గేటు ముందు ఆగగానే దాని నంబరు సీరియల్లోకి ఎక్కాలి. ఆ వరుసలోనే లోపలికి పంపాలి. సీజన్లో ఒక్కో బండి రెండు మూడు రోజులు రోడ్డు మీదే ఉండేది. రైతులు బండి పక్కన వండుకుని, బండి కింద పడుకునేవాళ్లు. మొదట్లో సీరియల్ పుస్తకంలో రాసేవాళ్లు. పేజీలు మాయమవుతున్నాయని, నంబర్లు అటూ ఇటూ అవుతున్నాయని రోజూ తగాదాలే. చివరికి మేనేజరు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాల్సిందే అన్నాడు. కంప్యూటరు అబద్ధం ఆడదని ఆయన నమ్మకం.

హైదరాబాదు నుంచి ఒక ఇంజినీరు వచ్చి టేపు పెట్టి సీరియల్ రాసే ప్రోగ్రాము ఎక్కించాడు. అలా ఎక్కిన ఫైళ్లన్నీ రూట్ పేరు మీద ఉంటాయి. రూట్ అంటే యంత్రం మొత్తానికి పెద్ద. ఆ పాస్‌వర్డ్ నా దగ్గర ఉండేది. ప్రతి ఫైలుకూ ఒక సొంతదారు, ఒక గ్రూపు, ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అనే అనుమతులు ఉంటాయి. ఇంజినీరు పోయేముందు నా నోట్‌బుక్కులో రాసిచ్చాడు. కాటా గుమాస్తాలకు ఒక గ్రూపు చేసి సీరియల్ ఫైలు ఆ గ్రూపుకు ఇవ్వాలి, మిగతావాళ్లకు రాసే అనుమతి ఉండకూడదు. మొత్తం అర పేజీ. చేద్దాంలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున కాటా గుమాస్తా పరుగున వచ్చాడు. దగ్గర్లోని కోయగూడెం నుంచి సైకిల్ మీద వచ్చే కుర్రవాడు, ఇంటర్ పాసయ్యాడు, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు.

"సార్, నంబరు కొడితే తీసుకుంటలేదు. పర్మిషన్ లేదంటున్నది. బయట బండ్లోళ్లు లొల్లి చేస్తున్రు, జల్దీ చూడున్రి."

నేను రెండు లైన్లు కొట్టాను. మొదటి దానితో ఫైలు సొంతదారుగా రూట్ పేరు తీసి అతని పేరు పెట్టాను. షిఫ్టు మారగానే రెండో గుమాస్తా కూడా ఇలాగే వస్తాడని, రెండో లైనుతో అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాను. దానికి కొట్టాల్సింది ఏడు ఏడు ఏడు. మా పనిలో బద్ధకస్తులందరికీ తెలిసిన అంకె అది. తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అంటారు. నేను తాళం కూడా వేయలేదు. ఖాళీ తలుపు మీద ఒక మనిషి పేరు మాత్రం రాశాను.

అతను తెర మీదికి వంగి చూశాడు.

"గీడ నా పేరున్నదేంది సార్?"

"ఫైలు నీ పేరు మీద పెట్టాను."

"నా పేరు మీదనా?" అని మళ్లీ చూశాడు. "మా నాయిన చిన్నప్పటి సంది పోడు కొట్టిండు సార్. గీ చెలక నీ పేరు మీద ఏడున్నదని ఫారెస్టోళ్లు అడిగిన్రు. ఏడ లేదు. గిదైతే ఉన్నది." నవ్వాడు. తెల్లారి టేకాకులో తునికి పండ్లు కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

తర్వాతి సీజన్లో ఒకరోజు, ఒక పెద్ద రైతు లారీలు మూడు, వెనక వచ్చి ముందు లోపలికి వెళ్లాయి. సీరియల్లో వాటి నంబర్లు పైన ఉన్నాయి. మూడు రోజులుగా రోడ్డు మీద ఉన్న ట్రాక్టర్ల వాళ్లు గేటు ముందు కూర్చున్నారు. మేనేజరు గుమాస్తాను, నన్ను గదిలోకి పిలిచాడు.

"ఏవయ్యా, ఈ ఫైలు ఎవరి పేరు మీదుందో తీసి చూపించు."

తీశాను. అతని పేరు వచ్చింది.

"నీ పేరే కదా ఉంది?" అని మేనేజరు అతన్ని అడిగాడు.

"అవ్ సార్, నా పేరే. గని నేను మార్చలే. సార్‌ను అడుగున్రి, సార్‌కు తెలుసు."

మేనేజరు నా వైపు తిరిగాడు. "వేరేవాళ్లు మార్చే వీలుందా?"

ఉంది. నాలుగు టెర్మినళ్లలో ఎక్కడ కూర్చున్నవాడైనా ఆ ఫైలు తెరిచి వరుస మార్చొచ్చు. ఎవడు మార్చినా పైన సొంతదారు పేరు అలాగే ఉంటుంది. అదే లైన్లో, పేరుకు ఎడమ పక్కన, అందరికీ అన్ని అనుమతులూ ఉన్నాయని తొమ్మిది అక్షరాలు చెబుతూనే ఉన్నాయి. ఆ గదిలో వాటిని చదవగలిగింది నేనొక్కణ్ణే. చెబితే నా ఉద్యోగం పోయేదేమో. బహుశా పోయేది కాదు, నాలుగు తిట్లతో సరిపోయేది.

"సొంతదారు అతనే సార్," అన్నాను.

భయపడి అన్నానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. భయం కూడా వేయలేదు. ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద కాగితాలు లేవకుండా మేనేజరు పేపర్‌వెయిట్ జరుపుకుంటున్నాడు, నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. రేపటి నుంచి రావద్దని అతనికి చెప్పారు. మధ్యాహ్నం మెస్సులో వంకాయ కూర ఉంది. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

ఎవరు మార్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకాయన మీద అనుమానం ఉంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా. ఆ లెక్కన ఆ ఫ్యాక్టరీలో ఇద్దరం దొరలం మిగిలాం.

ఆ సాయంత్రం నోట్‌బుక్కు తీసి, ఇంజినీరు రాసిన అర పేజీ పని చేశాను. గ్రూపు చేశాను, సొంతదారుగా మళ్లీ రూట్‌ను పెట్టాను, మిగతావాళ్లకు రాసే అనుమతి తీసేశాను. టీ చల్లారేలోపే అయిపోయింది.

వారం తర్వాత అతను కాటా గదిలో మర్చిపోయిన టిఫిన్ డబ్బా కోసం వచ్చాడు. పోతూ నా గది గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, గా ఫైలు ఇంక నా పేరు మీదనే ఉన్నదా?"

"లేదు. తీసేశాను."

"మంచిగ చేసిన్రు సార్. ఉంటే రేపు ఇంకేమన్న అయినా నన్నే అడుగుతరు." కాసేపు డబ్బా మూత సరిచేసుకున్నాడు. "పోలీసుల దాక పోకుంట చూసింది గూడ మీరేనట గద. ఇంట్ల చెప్పిన."

ఆ మాట ఎవరు చెప్పారో అడగలేదు. కాదని కూడా అనలేదు.

"సరే, జాగ్రత్తగా పో," అన్నాను.