వంటింట్లో పాము వీపు

ఒక కరువు ఏట కొండంత పాము నీళ్ళ కోసం దిగివచ్చి, ఎండిన వంకను చూసి అక్కడే రాయైపోయిందట. మా ఊరు దాని వీపు మీద ఉందని అందరి నమ్మకం. డోన్‌లో ఊరి పేరు చెబితే "ఓ, పాము ఊరోళ్ళా" అంటారు. మాకది గొప్పే. ఏటా ఎండాకాలంలో వానల కోసం ఊరేగింపు తీసి, ఇంట్లో ఆ బండ పైకి తేలినవాళ్ళ వాకిట ఆగి కొబ్బరికాయ కొడతారు. మిగతా ఇళ్ళను దాటిపోతారు.

మా వంటింట్లో పొయ్యి పక్కనే ఎద్దు మూపురమంత తేలి ఉండేది. పసుపు పూసి పూసి దాని అసలు రంగేమిటో నాకు తెలియదు. మొన్న అమ్మ దానికి తట్టుకుని పడింది. మోకాలు వాచింది. డెబ్బై దాటిన మనిషి, ఇంకోసారి పడితే లేవదేమోనని భయపడ్డాను. ఆమె వద్దన్నా వినకుండా, బండ కొట్టేయమని మేస్త్రీని పిలిపించాను.

మా వీధి సాయిబే మేస్త్రీ. ఉలితో పసుపు గీకి చూశాడు.

"ఇది ఈడిది కాదప్పా. మన ఊరి బండ తెల్లగా ఉంటాది. ఇది కడప నల్లరాయి. ఎవరో తెచ్చి పాతినారు."

పాము కడప నుంచి ఎలా వచ్చిందో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. మంచం మీదున్న అమ్మను అడిగాను.

"నేనే తెచ్చినా," అంది నా వైపు చూడకుండా. "మేము ఈ ఊరికొచ్చి అంగడి పెట్టినాక మూడేండ్లు మన వాకిట కాయ కొట్టలేదు. శానా ఏడ్చినా. పుట్టింటికి పోయినప్పుడు ఈ రాయి తెచ్చుకున్నా. మీ నాయన పాతినాడు."

"ఎవరూ అడగలేదా?"

"అడిగితే వాళ్ళ ఇండ్లల్లోవి కూడా చెప్పాల్సొస్తాది."

నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"యాభై ఏండ్లయ్యింది. ఇప్పుడు తీసేసి, 'మీరు యాడోళ్ళు' అని మళ్ళా అడిగించుకోమంటావా?"

నాకు సిగ్గేసింది. ఏం చేయాలో తోచక మేస్త్రీ వైపు చూశాను. ఆయన అప్పటికే గడ్డపార అందుకున్నాడు.

"పాతిందే కదమ్మా, జరుపుకుందాం. యాడ పెట్టమంటావు?"

అమ్మ తన నడకకు అడ్డురాని మూల చూపించింది. ముందున్నట్టే రాయి తల కొండ దిక్కుకు ఉండాలని రెండుసార్లు చెప్పింది.

ఈ ఏడు ఊరేగింపు వచ్చింది. బండకు మొక్కడానికి లోపలికొచ్చిన ఊరి పెద్ద పొయ్యి పక్క చూశాడు, మూల చూశాడు, తర్వాత అమ్మను చూశాడు. ఏమీ అడగలేదు. బయటికి వెళ్ళి మా వాకిట కాయ కొట్టాడు. కూర్చోమని నేను ఎంత చెప్పినా వినకుండా, అందరూ వీధి దాటేదాకా అమ్మ గడప పట్టుకుని నిలబడే ఉంది.