వెనక మనిషి లేని బండి

నేను చెప్పే పది మాటల్లో తొమ్మిది కోతలు. మెడ్రాసు తొండియార్‌పేటలో మా వీధిలో ఎవరినైనా అడగండి, పదోదీ కోతే అంటారు. కానీ ఇది కాదు. ఇది జరిగినప్పుడు మా అమ్మ అక్కడే ఉంది. అమ్మను సాక్షిగా పెట్టి కోతలు కోసేంత గుండె నాకు లేదు.

నా పేరు గోపి. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. నేను బడికి పోను, ఆయన నన్ను కొట్టరు. అప్పటినుంచి జార్జి టౌన్‌లో తోపుడు బండే నా బడి. భుజానికి తాడు వేసుకుని ముందు నేను లాగేవాణ్ణి. వెనక నా తమ్ముడు బాలు తోసేవాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సరుకు తలకంటే ఎత్తుగా పేరుస్తాం కాబట్టి ముందువాడికి వెనకవాడు కనపడడు. ఆ సందుల్లో హారన్ల మధ్య ఎంత అరిచినా వినపడదు. అందుకని వెనకవాడు బండి మీద తడతాడు. ఒకసారి తడితే పద. రెండుసార్లు తడితే ఆపు. అంతే భాష. పద్దెనిమిదేళ్ళు మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకున్నది ఆ భాషలోనే.

పది నెలల కిందట, హార్బరు వైపు వంతెన ఎక్కుతుంటే, బాలు రెండుసార్లు తట్టాడు.

నేను ఆపలేదు. మధ్యాహ్నం రెండు పరోటాలు ఎక్కువ తిన్నాడు, అరక్క నాటకం ఆడుతున్నాడనుకున్నాను. "ఏందిరా, కొత్త పెండ్లికొడుకు మాదిరి సోకు చేస్తాండావు! తొయ్యిరా!" అని వెనక్కి చూడకుండానే అరిచాను. మళ్ళీ రెండుసార్లు తట్టాడు. నేను నవ్వుతూ లాగాను. తర్వాత తాడు బిగుసుకుంది. తిరిగి చూస్తే... రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని. ఆసుపత్రి దాకా ప్రాణం నిలవలేదు. ఆపి ఉంటే బతికేవాడా అని డాక్టరును అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

అమ్మ మాత్రం నన్ను అడుగుతూనే ఉండేది. అన్నం పెడుతూ, బట్టలు ఆరేస్తూ, ఉన్నట్టుండి... "పొయ్యేముందు చిన్నోడు ఏమన్నా అన్నాడా?"

"ఏం అన్లేదు మా. టక్కున పడిపోయినాడు."

ఎనిమిది నెలలు ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

ఇక ఇదంతా జరిగిన దీవి సంగతి. మేము హార్బరుకు తోలే సరుకులో కొంత అండమాన్ ఓడ ఎక్కేది. ఉల్లిపాయల మూటలు దించి బాలు ఓడ వంక చూసి నిట్టూర్చేవాడు. "ఈ ఉల్లిగడ్డలకుండే రాత మనకు లేదన్నా. చూడు, ఎంత దర్జాగా ఓడెక్కతా ఉండాయో!" అందుకని ఒకరోజు అమ్మ ఉన్నట్టుండి, "వాడు చూడాలనుకున్న ఊరు, నేనన్నా చూస్తా" అంది. నా భార్య రేవతి, ఎనిమిదేళ్ళ కూతురు మీనా, అమ్మ, నేను... నలుగురం ఓడెక్కాం.

హార్బరు పక్కన పుట్టి పెరిగినవాణ్ణి కదా, సముద్రం నాకు చుట్టమనుకున్నాను. మొదటి రాత్రికే చుట్టరికం తెగిపోయింది. మూడు రోజులు నేను బకెట్‌కు ముఖం పెట్టుకుని పడుకుంటే, డెబ్భై ఏళ్ళ అమ్మ పైన కూర్చుని ఎవరితోనో ఊరగాయ పంచుకుని తింది. దీవిలో దిగాక ఇంకో గోల. సామాను మూట నేను మా జార్జి టౌన్ ముడి వేసి కట్టాను. లారీ మీదనుంచి పడ్డా ఊడని ముడి అది. ఎంత లాగినా నాకూ ఊడలేదు. పళ్ళతో లాగాను. కత్తి అడగడానికి సిగ్గు.

"కట్టినోడికి విప్పేది రాదా?" అని రేవతి నవ్వింది.

రాదు. కట్టడం నా పని. విప్పడం ఎప్పుడూ బాలు పని. అది ఆమెకు గుర్తొచ్చి నవ్వు ఆపేసింది. తర్వాత తనే పోయి లాడ్జి వాళ్ళ కత్తిపీట తెచ్చి తాడు కోసింది.

దిగిన మూడో రోజు పక్కనున్న ఒక చిన్న దీవికి పోయి, అక్కడే ఒక లాడ్జిలో దిగాం. అక్కడ ఆటో అతను అప్పన్న. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళట. ఆయన తెలుగు విని మీనా నా చెవిలో, "ఈయన మాట్లాడేది ఏం భాష నాయనా?" అంది. మా తెలుగు విని ఆయనకూ అదే అనుమానం.

"మీరు అరవోళ్ళేటి బాబూ?"

"తెలుగోళ్ళమే అప్పా. మాది మెడ్రాసు తెలుగు."

"ఓలమ్మో, తెలుగుని ఇలాగ్గూడా మాటాడతారేటి!" అని పగలబడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత అమ్మ పళ్ళు చూడటం అదే మొదటిసారి.

ఆ నవ్వు చూసే ఆలస్యం చేశాను. సముద్రం ఒడ్డున ఇంకాసేపు, ఇంకాసేపు అని కూర్చోబెట్టాను. చీకటి పడ్డాక బయల్దేరాం. వాన మొదలైంది. రెండు పక్కలా అడవి. లాడ్జికి ముందు ఒక ఎత్తు ఉంది, సగం ఎక్కాక ఆటో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లైటు కూడా పోయింది. సెల్లులో సిగ్నల్ లేదు.

"ఎక్కిస్తే సాలు బాబూ" అన్నాడు అప్పన్న. "అవతల దిగుడే. దొర్లుకుంటా లాడ్జి కాడికెల్లిపోద్ది. నాను బ్రేకు మీంచి కాలు తియ్యకూడదు, జారితే పక్కన లోయ. మీరు ఎనకనుంచి తొయ్యండి."

అమ్మ మోకాళ్ళు ఓడ దిగినప్పటినుంచీ వాచి ఉన్నాయి. దిగి నడవలేదు. లోపలే కూర్చుంది. రేవతి నిద్రపోతున్న మీనాను భుజాన వేసుకుని, సెల్లు లైటు పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక్కి వెళ్ళాను.

వెళ్ళి, తల వంచి, రెండు చేతులూ ఆటో వెనక రేకు మీద పెట్టాను. అంతే. తోయలేదు. ఇన్నేళ్ళ పనిలోనూ నేను ఎప్పుడూ బండి వెనక నిలబడలేదు. తల వంచితే ముందు ఏమీ కనపడదు. రేకు ఒక్కటే. వాడికి అన్నేళ్ళూ కనపడింది ఇదేనా అనిపించింది... నా వీపు కూడా కనపడేది కాదా అనిపించింది. నిలబడలేకపోయాను.

ముందుకొచ్చి, సీటు కింద ఉన్న తాడు అడిగి ముందు చక్రం పైన కట్టాను. భుజానికి వేసుకున్నాను.

"ఆటోని ఎద్దులాగ నాగుతారేటి బాబూ!"

"నాకు అదే అలవాటప్పా" అన్నాను.

లాగాను. వాన కళ్ళలో పడుతోంది. ఒక అడుగు... ఆగడం. ఇంకో అడుగు... ఆగడం. తాడు భుజంలోకి దిగుతోంది. ముందు దూరంగా రేవతి చేతిలో లైటు ఊగుతోంది. వెనక చీకటి. కప్పలు ఒకటే గోల. పది అడుగులు వేశానో లేదో, ఊపిరి అందలేదు. ఇక కాదు, వదిలేద్దాం అనుకున్నాను.

అప్పుడు... తాడు వదులైంది.

ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. బండి వెనక్కి జారితే తాడు బిగుస్తుంది. తెగేంతగా బిగుస్తుంది. వదులు కాదు. ఎత్తు మీద తాడు వదులైందంటే దానికి ఒక్కటే అర్థం, వెనక మనిషి తోస్తున్నాడు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా భుజానికి తెలుసు.

అప్పన్న దిగాడేమో అనుకున్నాను. "దిగొద్దప్పా, బ్రేకు చూసుకో" అన్నాను.

"నాను దిగనేదు బాబూ" అన్నాడు. గొంతు సీటులోనుంచే వచ్చింది.

నేను ఇంకో అడుగు వేశాను. బండి నాతో పాటే వచ్చింది. ఇంకో అడుగు. వచ్చింది. అంత తేలికగా... ఆ నడక నాకు తెలుసు. నేను కుడికాలు వేసినప్పుడు వెనకనుంచి ఒక చిన్న తోపు. ఎడమకాలికి ఇంకొంచెం. కప్పలు ఎప్పుడు ఆగాయో తెలియదు. వాన చప్పుడు ఒక్కటే ఉంది.

టక్...

టక్.

రేకు మీద. వెనకనుంచి.

నా కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. వెనక్కి తిరగలేదు. ఆ రోజు తిరగాల్సినప్పుడు తిరగలేదు, ఈ రోజు తిరగడానికి మెడ రాలేదు. తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక్క తట్టు కోసం. 'పద' అనే ఆ ఒక్క తట్టు కోసం.

రాలేదు.

"ఆగిపోనారేటి బాబూ?" అప్పన్న.

"ఎందుకురా ఆపినావు గోపీ?" అమ్మ.

నోటినుంచి అదే వచ్చేసింది. "చిన్నోడు తట్టినాడు మా."

వాన. రేకు మీద వాన.

"యాడ?" అంది అమ్మ. గొంతులో బెదురు లేదు.

"వెనక." ఇక ఆగలేదు. "ఆ పొద్దు కూడా తట్టినాడు మా. వంతెన మీద. రెండు తూర్లు తట్టినాడు, మళ్ళీ రెండు తూర్లు. నేను ఎగతాళి చేసినా. నవ్వతా లాగినా మా... నేను ఆపలేదు."

చీకట్లో అమ్మ ముఖం కనపడలేదు. తిడుతుందనుకున్నాను. శపించినా బాగుండేది.

"పిలిచినాడా నిన్ను?" అంది.

"పిలిచినాడు మా."

"ఎవురినీ తల్చుకోకండా, ఒక్క మాట లేకండా, అనాథ మాదిరి పోయినాడని కదరా నేను ఇన్నాళ్ళు ఏడిచింది. అన్నని పిలిచినాడని చెప్పుంటే... నాకు ఆ మాటన్నా మిగిలుండు కదరా."

నేను అమ్మకు బాధ తగ్గిద్దామని అబద్ధం చెప్పాననుకున్నాను. కాదు. నా పరువు కాపాడుకోవడానికి వాడి ఆఖరి మాట దాచేశాను. ఆ తల్లికి కొడుకు పిలుపు అందకుండా చేసింది నేను. అది ఆ వానలో తెలిసింది.

"పద" అంది అమ్మ. "బిడ్డ తడస్తాంది."

తాడు ఎత్తి లాగాను. బండి మళ్ళీ మొదటి బరువే. కాదు, అంతకంటే ఎక్కువ. మిగిలిన ఎత్తంతా నేనొక్కణ్ణే లాగాను. భుజం చీరుకుపోయింది. పైకి చేరాక అప్పన్న మమ్మల్ని ఎక్కించుకుని బ్రేకు వదిలాడు.

లాడ్జి దగ్గర దిగాక అప్పన్న నన్ను పక్కకు పిలిచాడు. "మజ్జిలో కొంచెం దూరం బండి దానంతటది ఎక్కింది బాబూ. నా కాలుకి తెలిసింది. ఏటని అడగను. మీరూ సెప్పకండి." బీడీ ముట్టించుకోబోయాడు, అగ్గిపుల్ల ఆరిపోయింది. మళ్ళీ గీయలేదు.

తెల్లవారాక నేను ఒక్కణ్ణే ఆ ఎత్తు దగ్గరికి నడిచి వెళ్ళాను. అక్కడ రోడ్డు కాస్త చదునుగా ఉందేమో, అందుకే తేలికైందేమో అని. చదును కాదు. సరిగ్గా అక్కడే ఎత్తు ఎక్కువ. పైన కొమ్మలున్నాయి. వాటినుంచి ఏదైనా కాయ రేకు మీద పడిందా? పడొచ్చు. రెండు పడొచ్చు. కింద వెతికాను, ఆకులు తప్ప ఏమీ లేవు. వానకు కొట్టుకుపోయి ఉండొచ్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కోత అవుతుంది. మా తట్ల భాష అమ్మకు తెలుసు. ఇంట్లో స్నానాల గది తలుపు మీద కూడా మేము అలాగే తట్టుకునేవాళ్ళం. నేను రొప్పుతుంటే వినలేక, కాసేపు ఆగమని అమ్మే తన సీటు వెనక రేకు మీద తట్టి ఉండొచ్చు. తట్టింది అమ్మే అనుకుందాం. మరి తోసిందెవరు?

మెడ్రాసుకు వచ్చి నెల దాటింది. అమ్మ ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం లేదు. నాతో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. కానీ వంతెన సంగతి ఎత్తితే లేచి లోపలికి పోతుంది. నన్ను క్షమించిందో లేదో తెలియదు. మొన్న కరెంటు పోయి ఇద్దరం గడప దగ్గర కూర్చున్నప్పుడు ధైర్యం చేసి అడిగేశాను.

"మా... ఆ రాత్రి తట్టింది నువ్వేనా?"

అమ్మ విసురుతున్న విసనకర్ర ఆపింది.

"నేనేనంటే నీ మనసుకు నిమ్మతిగా ఉంటాదా, వాడేనంటే నిమ్మతిగా ఉంటాదా?" అంది. "ఏది కావాల్నో చెప్పు నాయనా, అదే చెప్తా."

ఏది కావాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.