ఆదివారం దాటనీ అన్నాను

"మా యమ్మ కడుపులో తొమ్మిది నెల్లు అదే కప్పుకొని పడుకున్నాను గదే. అప్పుడు లేని మైల ఇప్పుడేటి?" అన్నాడు నా మొగుడు.

"ఈ ఆదోరం ఒక్కటీ దాటనీ మావా," అన్నాను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. రాయి వదినా. నీ తమ్ముడి మాట ముందు, నా మాట తరవాత, అలాగే రాయి. నాకు సంతకం తప్ప ఏమీ రాదు. నువ్వు అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించినదానివి.

పాతపట్నం అవతల, మా ఊరి చెరకు గానుగ దగ్గర, మరిగే బెల్లం పాకం దించుతుంటే పెనం ఒరిగిపోయింది. నీళ్లయితే జారిపోతాయి. పాకం అంటుకుని కూర్చుంటుంది. ఆయన రొమ్ము మీద, రెండు చేతుల మీద తోలు ఊడిపోయింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాం. కట్టు విప్పినప్పుడల్లా ఆయన పళ్లు బిగపట్టేవాడు, నేను గోడ వైపు తిరిగేదాన్ని. తోలు జబ్బులకు అరసవల్లి సూర్యదేవుడే దిక్కని కదా మనం అనుకుంటాం. ఆదివారం ఉపవాసం ఉండి వస్తానని మంచం కోడు పట్టుకుని మొక్కుకున్నాను.

శుక్రవారం డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. కాన్పుల్లో తల్లులు ఇష్టపడి ఇచ్చిన మాయ నుంచి పలచని పొర తీసి, పరీక్షలు చేసి ఉంచుతారట. అది పుండు మీద పరిస్తే మంట తగ్గుతుందట, కింద కొత్త తోలు పుట్టడానికి సాయం చేస్తుందట. మూలకణాలంది, విత్తనాల లాంటివంది. తప్పకుండా బతుకుతాడని మాత్రం అనలేదు.

నాకు వినబడింది మాయ ఒక్కటే. ఎవరి పురిటిదో. నా ఇద్దరు పిల్లల మాయనూ మీ అమ్మ కుండలో పెట్టి పెరట్లో లోతుగా పాతింది, తలకు పోసుకుని గాని పొయ్యి ముట్టలేదు. మొక్కులో ఉండగా అలాంటిది ఆయన ఒంటి మీద ఎలా వెయ్యనిస్తాను? ఆదివారం అయ్యాక అన్నాను. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. చివరికి ఆయన్నే అడిగితే, నా మొహం చూసి, దాని మొక్కు తీరనీండి అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఆ రెండు మాటలూ అయ్యాక ఆటో ఎక్కాను. దర్శనం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ప్రసాదం కొంగున కట్టుకుని వచ్చేసరికి వార్డు గుమ్మంలో నువ్వున్నావు. చీము రక్తంలోకి ఎక్కిందన్నారు.

పొర వేసుంటే బతికేవాడా అని తరవాత డాక్టరమ్మను అడిగాను. చెప్పలేనమ్మా అంది. అవునన్నా ఏడ్చి ఊరుకుందును.

ఈ సంగతి నీకు ఇవాళే తెలిసింది. తమ్ముడి ఖర్మ అని అందరితో నువ్వంటుంటే తలొంచుకుని ఊరుకున్నాను. అలసిపోయాను వదినా. శుక్రవారం నుంచి ఆపింది నేను. అలాగే రాయి.

ఇందాక ఆపింది నేను అన్న మాట దగ్గర నీ కలం ఆగింది, నేను చూశాను. ఇప్పుడు మొదటి నుంచి చదువు. అక్కడేం రాశావో వినాలి.