ఆఖరు మడి

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ గదిలో నా కుర్చీ చక్రాలు రెండేళ్లకే అరిగిపోయాయంటే తప్పు వాటిది కాదు. అలాంటి నాకు రోజంతా ఫొటోలు చూసే ఉద్యోగం దొరికింది. రైతుల దగ్గర వడ్లు కొని బియ్యం అమ్మే ఒక కంపెనీలో పెట్టుబడి పెడదామని విదేశాల వాళ్లు కొందరు అనుకున్నారు. పెట్టే ముందు ఆ కంపెనీ చేయించే సేద్యం వల్ల వాతావరణానికి ఎంత చేటో ఎంత మేలో తేల్చి చెప్పమని మా సార్‌ని అడిగారు. సార్ ఆ పని నా నెత్తిన పెట్టారు.

వరి మడిలో నీళ్లు అదేపనిగా నిలిచి ఉంటే మీథేన్ పుడుతుంది. భూమి వేడెక్కడానికి అదీ ఒక కారణం. మధ్యమధ్య మడిని ఆరనిస్తే తగ్గుతుంది. అందుకని కంపెనీ వాళ్లు మడిలో చిల్లుల పైపు ఒకటి పాతించారు. పైపులో నీళ్లు నేలకు అరడుగు కిందికి దిగాకే రైతు మళ్లీ మోటరు వేయాలి. వారం వారం ఆ పైపుల ఫొటోలు నాకు వచ్చేవి. ఆరింది, ఆరలేదు అని కంప్యూటర్లో గుర్తు పెట్టేదాన్ని. ఒకసారి ఊళ్లకు కూడా వెళ్లాను. కారు దిగి, దారి పక్కనే ఉన్న పైపులోకి తొంగి చూసి, కొత్త బూట్లకు బురద అంటకుండా వెనక్కి వచ్చాను. పంట కోతలయ్యేసరికి రిపోర్ట్ తయారైంది. మళ్లు చక్కగా ఆరుతున్నాయి, మీథేన్ బాగా తగ్గింది అని రాశాను. సార్ మెచ్చుకుని పంపించేశారు.

దాని మీద ఆ విదేశాల వాళ్లతో, కంపెనీతో ఆన్‌లైన్ మీటింగ్ మర్నాడనగా, సాయంత్రం పూట స్లైడ్లలోకి మంచి ఫొటో ఒకటి వెతుకుతున్నాను. గదికి తాళం వేయడానికి మా వాచ్‌మన్ కాక వచ్చాడు. నేను లేవకపోయేసరికి వెనక నిలబడి చూడసాగాడు.

"ఇది ఆఖరు మడి గదా బిడ్డా," అన్నాడు.

"ఫొటో చూసి నీకెట్ల తెలుస్తది కాకా?"

"ఒడ్డు జూడు. నీళ్లు వచ్చే మడవ ఒక్కటే ఉన్నది, పోయే మడవ లేదు. అవుతల ఇంకో మడి ఉంటె గదా నీళ్లు పోయేది?"

మడవంటే ఒడ్డుకు కొట్టే గండి. ఇంకో ఫొటో తెరిచాను. దానికీ ఒకటే గండి. ఇంకోటి. ఇంకోటి. దేనికీ రెండో గండి లేదు.

బోరు నీళ్లు మొదటి మడి నిండాకే రెండోదానికి పోతాయి, అది నిండాకే మూడోదానికి. ఆఖరుదానికి అందేసరికి పొద్దుగూకుతుంది. అందరికంటే ముందు ఎండేదీ అదే. అది ఆరిందంటే పై మళ్లు ఆరినట్టు కాదు, వాటిలో నీళ్లు నిలిచే ఉంటాయి. ఇక పైపులు అక్కడే ఎందుకు పాతారంటే, ఆఖరు మళ్లు దారి పక్కన ఉంటాయి, కంపెనీ కుర్రాళ్ల బైకు అక్కడిదాకానే పోతుంది. ఇది తెలియడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఎనిమిదో క్లాసులో పార పట్టుకుని మడవలు తిప్పినదాన్ని నేను. ఉన్న మతి కూడా చదివి పోగొట్టుకున్నానని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం కాలు కాలిన పిల్లిలా తిరిగాను. క్యాంపస్‌లోంచి తార్నాక చౌరస్తాకు, అక్కణ్నుంచి లాలాగూడ రైల్వే క్వార్టర్ల దాకా, మళ్లీ వెనక్కి. చెబితే, రిపోర్ట్ నచ్చితే ఇస్తామన్న రెండో ఏడు పని పోతుంది, దాంతో నా జీతమూ పోతుంది. చెప్పకపోతే అబద్ధం మీద నా పేరుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మౌలాలి బస్సు ఒకటి హారన్ కొట్టి, డ్రైవర్ కిటికీలోంచి నన్నేదో అన్నాడు. తిరిగి నేనూ ఒకటి అన్నాను.

పొద్దున్నే సార్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"రిపోర్ట్ పంపి పది రోజులాయె. ఇప్పుడా చెప్పేది?" అన్నారు సార్. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "సరే. తప్పు నీది, చెప్పుడు కూడా నువ్వే చెప్పాలె. ప్రాజెక్ట్ పోతే నన్ను అనొద్దు."

చెప్పాను. ఒకటే గండి ఉన్న ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. తెర మీద ఆ విదేశాల వాళ్లలో ఒకావిడ, మేం మిమ్మల్ని పెట్టుకున్నది ఇందుకే అంది. వచ్చే పంటకు పైపులన్నీ మొదటి మళ్లలోకి మార్చాలని, ఆ మళ్లు ఆరేదాకా మోటరు వేయకూడదని నేను సూచించాను. కంపెనీ ఆయన అక్కడికక్కడే సరేనన్నాడు. రెండో ఏడు పని కూడా మాకే ఇచ్చారు. సార్ నవ్వారు. నేను గాల్లో తేలుతూ తార్నాక పోయి, మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని గేటు దగ్గరికి వచ్చాను.

కాక బజ్జీ కొరుకుతూ అంతా విన్నాడు.

"మొదటి మడి ఆరేదాంక మోటరు బందు పెడితె, ఆఖరు మడి ఏమయితది బిడ్డా?"

నేను చేతిలో బజ్జీ మళ్లీ పొట్లంలో పెట్టేశాను.

"నెర్రెలు బారుతది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు బారిందా, ఇగ గింజ పట్టది, అంత తాలే. మరి ఆ మడి ఎవరిదో అడిగినవా?"

"రైతుదే గదా."

"ఏ రైతుది? అన్నదమ్ములు పంచుకున్నప్పుడు బోరు పెద్దోనికి పోతది, ఆఖరు మడి చిన్నోనికి వస్తది. నాది గూడ ఆఖరు మడే. ఎనిమిదేండ్లు తాలు కోసిన. ఇగ నాతోని గాక గీడికొచ్చి గేటు కాడ కూసున్న."

కోపంగా కూడా అనలేదు. ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

పరుగున పైకెళ్లి పెట్టుబడి వాళ్లకు, కంపెనీకీ మెయిల్ రాశాను. పైపులు మార్చే ముందు ఆఖరు మడి ఎవరిదో చూడాలి, వాళ్లకు వేరే తడి ఏర్పాటు చేయాలి అని. రెండు రోజులకు జవాబు వచ్చింది. మంచి విషయం లేవనెత్తారు, కానీ ఇది ప్రస్తుత పని పరిధిలోకి రాదు, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. సార్‌ని అడిగితే, "ఒక్కటే వారంల రెండు సార్లు మాట మారుస్తమా అమ్మా?" అన్నారు. నా మీద నాకే మంట పుట్టింది.

కనీసం ఆ రైతులకైనా చెబుదామని లిస్టు తెరిచాను. అందులో ఉన్నవన్నీ బోరున్నవాళ్ల పేర్లు. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టింది వాళ్లే. ఆఖరు మడి వాళ్లది ఒక్క నంబరు కూడా లేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ మొదటి పేరుకు ఫోన్ చేశాను. పైపుల రిపోర్ట్ రాసింది నేనేనని చెప్పి, మీ పొలం చివర మడి ఎవరు చేస్తారని అడిగాను.

"మా తమ్ముడు చేస్తడు. వానితోని మీకేం పని మేడం?"

"వాళ్ల మడి ఎండిపోతదేమోనని... ఒక్కసారి ఆయన నంబర్ ఇస్తారా?"

"వాని సంగతి వాడు చూస్కుంటడు తీయిండ్రి," అన్నాడాయన. "అయినా పైపు నిన్ననే మార్చిండ్రు గదా. మీరే చెప్పిండ్రట."