మెదక్ బడిలో శనిగ్రహం నిలబడిన సాయంత్రం

మెదక్ వెళ్లదలచినవాళ్లు ఉదయం ఆరున్నర బస్సు పట్టుకోవడం మంచిది. నేను తొమ్మిదింటి బస్సు పట్టుకున్నాను కాబట్టి ఈ సలహా ఇవ్వగలుగుతున్నాను.

సర్వేవాళ్ల దుర్భిణులు బాగుచేయడం హైదరాబాదులో నా పని. మెదక్ నుంచి దేవదానం అనే సైన్సు మాస్టారు ఉత్తరం రాశారు. ఊరు విడిచిపోతున్న ఒక దొర వాళ్ల బడికి టెలిస్కోపు ఇచ్చి వెళ్లాడట. దానికి గడియారంలా కీ ఇస్తే ఆకాశంతోపాటు తిరిగి, చూస్తున్న గ్రహాన్ని కంటిముందే నిలపాలి. నిలపడం లేదు. "మొన్ననే ఒక కన్ను పోయింది. రెండో దానికి సోమవారం ఆపరేషన్. ఏమవుతుందో చెప్పలేమన్నారు. ఈలోపల శనిని ఒక్కసారి చూడాలి. నేను వంగేసరికి అది జారిపోతున్నది" అని చివర్న ఉంది. ఆ ఉత్తరం శుక్రవారం అందింది. మర్నాడే బయలుదేరాను.

బస్సులో పక్కాయన నా పెట్టె చూసి, "ఏం పని మీద పోతున్నరు?" అన్నాడు.

"శనిని చూడాలి."

ఆయన లేచి వెనక సీటుకు వెళ్లాడు. నర్సాపూర్ దాకా కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

నర్సాపూర్‌లో ఇరవై నిమిషాలు ఆపారు. చాయ బాగుంది, బజ్జీలు నిన్నటివి. కుల్చారం దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటేదాకా ఆగి, ఒకటింబావుకు మెదక్‌లో దిగాం. దేవదానంగారు బస్టాండుకే వచ్చారు. ఇంట్లో జొన్నరొట్టె, మాంసం కూర పెట్టించారు. పడకకు బళ్లో పటాల గది చూపించారు.

మూడింటికి యంత్రం విప్పాను. దాని తప్పేమీ లేదు. తప్పు దిక్కుది. ఇరుసు ధ్రువనక్షత్రానికి గురిపెట్టి ఉండాలి. ఇది వాయవ్యంలో చింతచెట్టు వైపు చూస్తోంది.

"ఇటు ఎవరు పెట్టమన్నారండీ?"

"నాకు చుక్కలు మసక. దిక్సూచి పెడితే ఈ ఇనుప స్తంభం దిక్కే తిరుగుతది. మా పెండ్లిళ్లల్ల చుక్కలు చూపెట్టరు. అందుకని పెండ్లయినోళ్లను ముగ్గురిని అడిగిన. ఇద్దరు గటే చూపిండ్రు."

ఆ ఇద్దరిలో ఒకరు హెడ్మాస్టరు, ఒకరు తెలుగు పండితులు. పండితులు అక్కడే ఉన్నారు. ధ్రువుణ్ణి స్వయంగా చూశారా అని అడిగాను.

"అయ్యగారు వేలు పెట్టి చూపిండు. చూసిన అన్న."

"ఎన్నింటికి?"

"పొద్దుగాల పదకొండుకు."

నేనూ నా పెళ్లిలో మధ్యాహ్నం ఒంటిగంటకు చూశానన్నవాణ్ణే.

ఆరూ నలభైకి ధ్రువుడు బడి పెంకుల పైన, బాగా కిందుగా కనబడ్డాడు. బోల్టులు వదులుచేసి స్తంభం తలను అటు తిప్పాను. మెదక్ అక్షాంశానికి తగ్గట్టు ఇరుసు వాలును పద్దెనిమిది డిగ్రీలకు సరిచేశాను. కీ ఇచ్చి ఒక చుక్కను పట్టి చూస్తే పది నిమిషాలైనా కదల్లేదు. ఆ తర్వాత టెలిస్కోపును శని మీదికి తిప్పాను.

పెద్దవారని ముందు హెడ్మాస్టరుగారిని పిలిచారు. ఆయన వంగీ వంగకముందే "మస్తున్నది" అన్నారు. పండితులు "చూసిన" అన్నారు. దేవదానంగారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నెమ్మదిగా వంగారు.

"కానొస్తలే."

నాకు భయమేసింది. "తొందర లేదండీ. అదిప్పుడు ఎటూ పోదు. చూస్తూ ఉండండి" అన్నాను.

నా వాచీలో పన్నెండు నిమిషాలు. ఆయన తల ఎత్తలేదు. మిగతా ఇద్దరూ భోజనాలకు వెళ్లిపోయారు. యంత్రం టిక్కుటిక్కుమంటోంది.

"నడుమ సందున్నది" అన్నారు ఉన్నట్టుండి.

"ఎక్కడండీ?"

"గుండుకూ ఉంగరానికీ నడుమ. సందుల నల్లగ ఆకాశం కానొస్తున్నది. నేను ముప్పై ఏండ్ల సంది బోర్డు మీద రెండూ అంటుకున్నట్టే గీస్తున్న."

సంతోషిస్తారనుకున్నాను. చాలా బాధపడ్డారు.

ఆదివారం ఏడుంబావు బస్సుకు ఆయన ప్రార్థనకు వెళ్లే తెల్లబట్టలతోనే వచ్చి నన్ను ఎక్కించారు. కండక్టరు మల్లేశం ఆయన శిష్యుడట. వంగి దండం పెట్టాడు.

"మల్లేశం, నీకు శని బొమ్మ తప్పు చెప్పిన బిడ్డా. ఉంగరం అంటుకోలే. నడుమ సందున్నది. రేపటి సంది నేను బొమ్మ గీస్తనో లేదో. నీతోని చదివినోళ్లు కలిస్తే చెప్పు."

మల్లేశం టికెట్ల సంచి పక్కన పెట్టి నిలబడి విన్నాడు. "చెప్తా సార్" అన్నాడు.

మెదక్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. నేను ఒక బడి, ఒక చింతచెట్టు చూసి వచ్చాను. లోటేమీ అనిపించలేదు. కుల్చారంలో ముగ్గురు ఎక్కారు. అందులో గొంగడి కప్పుకున్న ఒకాయన దగ్గర మల్లేశం ఆగి, టికెట్టు చింపకుండా అన్నాడు: "దేవదానం సారు చెప్పమన్నడు. శనికీ ఉంగరానికీ నడుమ సందున్నదట."

ఆయన "సారు చూసిండా?" అన్నాడు.

"చూసిండు."