చుట్టల కోడలు వేసిన లెక్క

మోటార్ల దుకాణంలో రాగితీగ చుట్టలు చుట్టడం ఆమె పని. అందుకే వీధిలో అందరూ ఆమెను చుట్టల కోడలు అనేవారు. ఆ పేరు విని, పొగాకు చుట్టలు అమ్ముతుందేమో అనుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆమె కాలిపోయిన మోటారు ఒకటి చూపించి, "ఉన్నది ఇదొక్కటే, దీన్ని కూడా ఎవరో కాల్చేశారు" అనేది.

దుకాణం అత్తగారిది. భర్త బస్సు డ్రైవరు. ఇంట్లో బల్బు మార్చాలన్నా తల్లినో భార్యనో పిలిచే రకం. పెళ్ళయిన రెండో నెలలో అత్త కోడలిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతికి తీగ ఇచ్చింది. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఇద్దరిలో ఎవరూ మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. అందువల్లే తమకు పద్దెనిమిదేళ్ళుగా పెద్ద గొడవలు రాలేదని కోడలు నవ్వుతూ చెప్పేది.

చేతిపనిలో ఆమెకు తిరుగులేదు. లెక్కలంటే మాత్రం గుండె దడ. చదువు పదో తరగతి లెక్కల దగ్గరే ఆగిపోయింది. సొంతంగా వైరింగ్ పనులు ఒప్పుకోవాలంటే లైసెన్స్ ఉండాలి. ఆ రాతపరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ముంచింది ఒకటే ప్రశ్న: వోల్టేజి ఇంత, కరెంటు ఇంత, అపారెంట్ పవర్ ఎన్ని వోల్ట్-ఆంపియర్లు?

"వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వాట్లే కదా అత్తయ్యా? మరి ఈ వోల్ట్-ఆంపియర్లేమిటి, వాట్లకు సవతిలా?" అని ఒకనాడు విసుక్కుంది.

అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు మీ పుస్తకం తెలీదే అమ్మాయ్. మోటారు తిరగాలంటే అందులో అయస్కాంతం పుట్టాలా? దానికోసం వచ్చే కరెంటు ఏ పనీ చెయ్యదు, వచ్చినదారినే తిరిగి పోతుంది. నీ మొగుడి బస్సులో ఊరికే ఎక్కి, ఊరికే తిరిగొచ్చేవాళ్ళున్నారనుకో. పని లేకపోతే మాత్రం, సీటు వాళ్ళకీ కావాలిగా?"

కోడలికి కొంచెం అర్థమైంది. బస్సులో ఉన్న మొత్తం జనం వోల్ట్-ఆంపియర్లు. వాళ్ళలో నిజంగా పనిమీద వెళ్ళేవాళ్ళు వాట్లు. తీగ మాత్రం అందరినీ మోయాలి.

మూడోసారి పరీక్షకు నెల ఉందనగా పెద్దాసుపత్రి నుంచి కబురు వచ్చింది. అక్కడ దుప్పట్లు ఉతికే విభాగంలో లైన్ కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేస్తారు. యంత్రాలన్నీ తిరిగిన పావుగంటకల్లా అది ఆగిపోతోంది. దుప్పట్లు చాలక రెండు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఉతికేవాళ్ళు తడి దుప్పట్లను చేతులతో పిండుతున్నారు. వాళ్ళలో పెద్దామె అరచేతులు పొక్కిపోయి ఉన్నాయి.

ఇన్‌చార్జి ఆమెకు జనరేటర్ చూపించాడు. "ఇది నలభై కేవీఏ అమ్మా. మీటరులో మన వాడకం ఇరవై ఎనిమిది కిలోవాట్లే. ఎందుకాగుతోందో తెలియడం లేదు."

యంత్రాలన్నీ తిరుగుతుండగా ఆమె జనరేటర్ తీగకు, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించింది. అరవై నాలుగు ఆంపియర్లు. వోల్టేజి నాలుగు వందల పదిహేను. అట్టముక్క మీద రెండూ గుణించింది. ఇరవై ఆరున్నర వేల వోల్ట్-ఆంపియర్లు, అంటే ఇరవై ఆరున్నర కేవీఏ.

"లోడు ఎక్కువేం లేదు సార్. జనరేటర్‌లోనే ఏదో తేడా ఉంది" అంది.

మర్నాడు ఉదయమే మెకానిక్‌ను పిలిపిస్తానన్నాడు ఇన్‌చార్జి.

ఇంటికి వచ్చి భోజనానికి కూర్చుంది కానీ మనసు లెక్క మీదే ఉంది. ఎక్కడో ఏదో పొసగడం లేదు. మీటరు చూపించిన అసలు పని ఇరవై ఎనిమిది. తను కట్టిన మొత్తం ఇరవై ఆరున్నర. బస్సులో ఇరవై ఆరుగురుంటే, అందులో పనిమీద వెళ్ళేవాళ్ళు ఇరవై ఎనిమిదిమంది ఎలా అవుతారు?

చెయ్యి కడుక్కుని పుస్తకం తెరిచింది. ఆసుపత్రిలోలా మూడు తీగల్లో వచ్చే మూడు ఫేజుల సరఫరాకు ఆ గుణకారంతో సరిపోదు, ఒకటీ పాయింట్ డెబ్బై మూడుతో మళ్ళీ గుణించాలి. గుణిస్తే దాదాపు నలభై ఆరు కేవీఏ. నలభై కేవీఏ జనరేటర్ యాభై ఆరు ఆంపియర్లకు మించి మోయలేదు. దాని నెత్తిన అరవై నాలుగు పెట్టారు. పాపం, అది ఆగక ఏం చేస్తుంది?

"తప్పు చెప్పొచ్చాను అత్తయ్యా. నలుగురిలో చెప్పాను" అంది.

"అయితే నలుగురిలోనే దిద్దుకో" అంది అత్త.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి మెకానిక్ జనరేటర్ పక్కరేకు విప్పి కూర్చున్నాడు. ఆమె ముఖం కందిపోయింది. అయినా ఆగకుండా చెప్పేసింది.

"సార్, నిన్న నేను వేసిన లెక్క తప్పు. జనరేటర్ బాగానే ఉంది. మూడు ఫేజుల లెక్క మర్చిపోయాను."

ఇన్‌చార్జి ముఖం మాడ్చుకున్నాడు. మెకానిక్ మాత్రం రేకు బిగిస్తూ, "విప్పకముందే చెప్పుంటే ఇంకా సంతోషించేవాణ్ణి తల్లీ" అన్నాడు.

ఆమె యంత్రాల వెనక్కి వెళ్ళి చూసింది. మోటార్లకు ఉండాల్సిన కెపాసిటర్లు లేవు. ఎప్పుడో ఉబ్బిపోతే ఎవరో పీకేసి, తీగల కొసలకు టేపు చుట్టి వదిలేశారు.

"అవి ఉంటే అయస్కాంతానికి కావలసిన కరెంటులో చాలావరకు మోటారు పక్కనే ఇచ్చిపుచ్చుకుంటాయి సార్. జనరేటర్ దాకా రావక్కర్లేదు."

"పెద్ద జనరేటర్ కొనక్కర్లేదంటారా? తెప్పించాలంటే మూడు నెలలు పడుతుందన్నారు."

"అక్కర్లేదు. అవి పెడితే నలభై నాలుగు ఆంపియర్లకు దిగాలి. నా లెక్క నేనే రెండుసార్లు సరిచూసుకున్నాను. మీరూ ఒకసారి చూడండి."

ఆమె అక్కడే లెక్క కట్టిన కాగితం అతను తీసుకుని తనూ గుణించి చూశాడు. లెక్క కుదిరింది.

వారంలో కెపాసిటర్లు వచ్చాయి. ఏ మోటారు తిరిగితే దాని కెపాసిటరే పనిచేసేలా మెకానిక్ పర్యవేక్షణలో ఆమె కలిపింది. లైన్ కరెంటు ఆపి జనరేటర్ వేశారు. యంత్రాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. క్లాంప్ మీటరులో నలభై మూడు ఆంపియర్లు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. పెద్దామె తడి చేతులు కొంగుకు తుడుచుకుని, యంత్రం మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఆ మీటరు చూడటం నాకూ నేర్పుతావా అమ్మా? ఈసారి ఆగితే మాకే తెలుస్తుంది" అంది. చుట్టల కోడలు ఆమె వేళ్ళు పట్టుకుని, క్లాంప్ ఎలా తెరవాలో అక్కడే చూపించింది.

పరీక్షలో ఈసారి ప్రశ్న తిరగేసి ఇచ్చారు: కేవీఏ ఇచ్చి కరెంటు అడిగారు. రాసి, సరిచూసుకుని, ఇంకో దారిలో మళ్ళీ ఒకసారి కట్టి చూసింది. రెండు నెలలకు లైసెన్స్ చేతికి వచ్చింది. అత్త దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఫోటోలో కోడలు దొంగలా ఉందని మాత్రం అంది. ఆ సాయంత్రం దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది.

తరవాతి వారం ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "పంపుల గదిలో మోటార్లు వేడెక్కుతున్నాయమ్మా. ఏమై ఉంటుందంటారు?"

"కొలవకుండా ఏం చెప్పను సార్? వస్తున్నాను."

ఆమె పంపుల గదికి చేరేసరికి గుమ్మంలో పెద్దామె పుస్తకం, పెన్సిలు పట్టుకుని నిలబడి ఉంది. ఆసుపత్రివాళ్ళు కొన్న మీటరుతో మూడు మోటార్ల ఆంపియర్లు అప్పటికే కొలిచి రాసి పెట్టింది.